పద్నాలుగో వార్డు చెరువు

వేగిలంక పురపాలక సంఘానికి ఆ వేసవిలో చెరువుల మీద ప్రేమ పుట్టింది.

ఊళ్ళో ఒకప్పుడు ఏడు చెరువులుండేవి. ఒకదాని మీద బస్టాండు, ఒకదాని మీద రైతుబజారు, రెండింటి మీద కల్యాణ మండపాలు, ఇంకోదాని మీద ఇండోర్ స్టేడియం, ఆరోదాని మీద పురపాలక సంఘం వారి సొంత కార్యాలయం లేచాయి. ఏడోది ఎక్కడుండేదో ఎవరికీ గుర్తులేదు, అంత బాగా పూడ్చారు. ఇలా చెరువుల పని పూర్తిగా అయిపోయాక, వాటిని కాపాడి తీరాలన్న తీర్మానం కౌన్సిల్లో ఏకగ్రీవంగా నెగ్గింది. పథకం పేరు ‘వార్డుకో చెరువు’. నెలాఖరులోగా ప్రతి వార్డులోనూ ఒక చెరువుని గుర్తించాలి, ఫొటో తీయాలి, యాప్‌లో ఎక్కించాలి, ఆపైన కాపాడాలి. తవ్వాలని మాత్రం ఎక్కడా లేదు.

ఈ సంగతులేవీ పద్నాలుగో వార్డు మూడో వీధి చివరింట్లో కొత్తగా కాపురం పెట్టిన తన్మయికి తెలియవు. ఆమె అప్పటికి పెరట్లో గుంట తవ్వించుకునే హడావిడిలో ఉంది.

పెళ్ళయి మూడు నెలలైంది. భర్త జయదేవ్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇల్లు పాతదే, రెండు గదులూ వంటిల్లూ. వెనక మాత్రం విశాలమైన పెరడు. ఆ పెరడు చూసే నీకు సరేనన్నానని తన్మయి అంటుంది. కాదని నిరూపించడానికి జయదేవ్ దగ్గర ఇంకా ఆధారాలు లేవు. ఆమె డిగ్రీలో వృక్షశాస్త్రం చదివింది. చదివినదాన్ని ఎక్కడో ఒకచోట నాటకపోతే నిద్రపట్టని రకం.

గుంట పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు, మోకాలి లోతు. దాని పక్కనే కాస్త ఎత్తులో ఒక తొట్టి కట్టించింది. తొట్టిలో పెద్ద కంకర, దానిమీద చిన్న కంకర, ఆపైన ఇసుక పరిచి, కాలవ గట్టు నుంచి మోసుకొచ్చిన తుంగ, మెట్టతామర, వట్టివేరు నాటింది. పెళ్ళికి రెండు కూలర్లు వచ్చాయి కనక, ఒకదాని మోటారు ఊడదీసి గుంటలో దించింది. మోటారు నీళ్ళని తొట్టిలోకి తోడుతుంది. నీళ్ళు వేళ్ళ మధ్యనుంచీ కంకర సందుల్లోంచీ మెల్లగా నడిచి, ఒంటి మీది మురికిని అక్కడ వదిలేసి, రాళ్ళు పేర్చిన సన్నటి కాలవ గుండా గలగలమంటూ మళ్ళీ గుంటలోకి దూకుతాయి. మందుల్లేవు, బ్లీచింగ్ లేదు. నీళ్ళకి మురికైనది మొక్కలకి భోజనం.

మొదటి వారం నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. రెండో వారం అది పాలు తక్కువైన టీ కాదు, అసలు టీయే తక్కువైన టీ అయింది. పదిహేనో రోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ వెళ్ళి చూస్తే అడుగున గులకరాళ్ళు కనిపించాయి. తన్మయి నోట్లో బ్రష్షుతోనే కేక పెట్టింది. పామనుకుని జయదేవ్ కర్ర పట్టుకు పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ గట్టున కూర్చుని రాళ్ళు లెక్కపెట్టారు. అతనికి నూట పన్నెండు వచ్చాయి, ఆమెకి నూట పందొమ్మిది. లెక్కల మాస్టారు ఓటమి ఒప్పుకున్నాడు. ఆ వారంలోనే ఎవరూ పిలవకుండా ఒక కప్ప వచ్చి కాపురం పెట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వార్డు సర్వేయరు ఏసుదానం ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. మిగిలిన వార్డులన్నీ ఏదో ఒక గుంటని చెరువని చూపించుకున్నాయి. పద్నాలుగులో తడి మట్టి కూడా దొరకలేదు. నెలాఖరుకి ఇంకా రెండు రోజులుంది. సంజాయిషీ మెమో జేబులో ఉంది. మంచినీళ్ళ కోసం చివరింటి గుమ్మంలో నిలబడ్డ మనిషికి పెరట్లోంచి నీటి చప్పుడు వినిపించింది.

అతను వెళ్ళి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, అడగడానికే భయపడుతున్నట్టు అడిగాడు.

“అమ్మా, దీన్ని చెరువనొచ్చాండీ?”

అంతవరకూ పక్కింటి మంగతాయారు గారు దాన్ని కుడితి గుంట అంది. పాలబ్బాయి సెప్టిక్ ట్యాంకా అన్నాడు. ఎవరైనా ఒక్కరు చెరువంటే బాగుణ్ణని తన్మయి పదిహేను రోజులుగా ఎదురుచూస్తోంది.

“చెరువేనండి,” అంది మొహమంతా వెలుగుతుండగా. అడగకపోయినా కాలవ వైపు చూపించి, “అది వాగు,” అని కూడా చేర్చింది.

అంతటితో ఊరుకోలేదు. ఏసుదానం నిలబడి ఫొటో తీస్తుంటే ఆపి, నేల మీద బోర్లా పడుకుని తీయమంది. తుంగ ముందుకొచ్చి నీళ్ళు దూరంగా మెరుస్తూ సముద్రంలా పడతాయని. అలాగే పడ్డాయి.

యాప్‌లో వైశాల్యం దగ్గర ఏసుదానం ఆగిపోయాడు. పన్నెండు గజాలని కొడితే తీసుకోలేదు. ఎకరాల్లోకి మార్చి పాయింటు పెట్టి కొడితే ఎర్రగా మెరిసింది. ‘వార్డుకో చెరువు’ యాప్‌కి ఎకరం కంటే తక్కువ చెరువు తెలియదు. అతను ఒకటి అని కొట్టాడు. ‘ఏర్పడిన సంవత్సరం’ గడిలో అంతకుముందే పందొమ్మిది వందలు అని ఉంది. దాన్ని మార్చబోతే మొత్తం మళ్ళీ మొదటికొచ్చింది. మూడోసారి మొదటికొచ్చాక దండం పెట్టి వదిలేశాడు.

వారం తిరిగేసరికి గేటు పక్కన నీలం బోర్డు పాతారు. ‘పద్నాలుగో వార్డు చెరువు. ఇందు స్నానములు, బట్టలు ఉతుకుట, పశువులను కడుగుట, విగ్రహ నిమజ్జనము నిషిద్ధము.’ తన్మయి బోర్డు పక్కన నిలబడి నాలుగు ఫొటోలు దిగింది. మంగతాయారు గారు గోడ మీంచి తొంగి చూసి, చెరువు మీదా, సర్కారుదా అని అడిగింది. తన్మయి ఆనందంలో ఉంది. అందరిదీనండి అనేసింది.

చెరువున్నాక దానికి రావలసినవన్నీ రావడం మొదలైంది. ఎకరం చెరువుకి ప్రభుత్వం ఇద్దరు గజ ఈతగాళ్ళని ఇస్తుంది. వాళ్ళిద్దరూ రోజూ పొద్దున్నే వచ్చి, ఒకేసారి దిగడానికి చోటు చాలక, వంతులవారీగా మోకాళ్ళ దాకా దిగి నిలబడేవారు. ఇద్దరికీ తన్మయి టీ పెట్టేది. తర్వాత మత్స్యశాఖ వ్యాను నాలుగు వేల చేపపిల్లల్ని తెచ్చింది. ఏసుదానం అందినట్టు సంతకం పెట్టి, వాటిని మెయిన్ రోడ్డు పక్క పంటకాలవలో వదిలి వచ్చి, చెరువు చేప కాలవలోకి ఎదురెక్కడం శుభసూచకమని ఫైల్లో రాశాడు. నీటి పరీక్షలవాళ్ళు సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళారు. జిల్లా మొత్తంలో తాగడానికి పనికొచ్చే ఏకైక చెరువు ఇదేనని తేలింది. కమిషనరు గారికి శాలువా కప్పారు.

ఇంతవరకూ అంతా పండగే. ఆ తర్వాత జలాశయ పరిరక్షణాధికారి విస్సంరాజు గారు జీపు దిగారు.

ఆయన బూటు తడవకుండా పెరడంతా తిరిగారు. గొలుసు పట్టించి కొలిపించారు. ఏసుదానం పన్నెండు గజాలని చదివాడు. విస్సంరాజు గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

“రికార్డు ప్రకారం ఎకరం. అనగా నాలుగు వేల ఎనిమిది వందల నలభై గజాలు. క్షేత్రస్థాయిలో పన్నెండు. నా ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఒక చెరువు ఇంత సమూలంగా ఆక్రమణకు గురికావడం ప్రథమం.”

జయదేవ్ కుర్చీ తెచ్చి వేసి, వినయంగా లెక్క చెప్పాడు. పన్నెండు ఇంటు తొమ్మిది నూట ఎనిమిది చదరపు అడుగులు, అంటే పన్నెండు గజాలు, చెరువంతా ఇంతే సార్ అన్నాడు.

“మాస్టారూ, తమరు చెబుతున్నది మిగిలిన చెరువు. నేను అడుగుతున్నది పోయిన చెరువు.”

పోయిన చెరువులో ముందుగా పడేది ఈ ఇల్లే. ఆ తర్వాత పక్కనున్న మంగతాయారు గారిది, ఎదురు వరస మూడు ఇళ్ళు, వీధి, విద్యుత్ స్తంభం. అయితే అన్నిటికంటే ఎక్కువగా చెరువుని నొక్కిపట్టి ఉన్నది తన్మయి వంటిల్లని విస్సంరాజు గారు తేల్చారు. చెరువుకీ వంటింటికీ మధ్య నాలుగడుగులు కూడా లేవు.

తన్మయి ముందుకొచ్చింది. చెరువు తనే తవ్వించానని, ఏప్రిల్లో మొదలుపెట్టానని, మట్టి ఎత్తిన మనుషులు కూడా ఉన్నారని చెప్పింది. విస్సంరాజు గారు జాలిగా చూశారు.

“చెరువు పందొమ్మిది వందల సంవత్సరంలో ఏర్పడింది తల్లీ. ఆనాటికి మీ వయసెంత?”

“పుట్టలేదండి.”

“రాసుకోవయ్యా ఏసుదానం. చెరువు ఏర్పడే నాటికి తాను లేనని, తదుపరి వచ్చి చేరానని ఆక్రమణదారు స్వయంగా అంగీకరించారు.”

నోటీసు మర్నాడే వచ్చింది. పదిహేను రోజుల్లో ఇల్లు తొలగించుకోవాలి. లేదా పురపాలక సంఘమే తొలగిస్తుంది. నోటీసు కింద చెరువు ఫొటో ముద్రించారు. బోర్లా పడుకుని తీసిందే. ఆ ఫొటోలో ఇంత పెద్ద చెరువుని చూసిన వాళ్ళకెవరికైనా, ఇంత చిన్న ఇల్లు దానికి అడ్డం రావడం ఎంత దుర్మార్గమో తెలిసిపోతుంది.

మంగతాయారు గారు ఈసారి గోడ మీంచి కాదు, గేటు తీసుకునే వచ్చింది. “అమ్మాయ్, నీకు మొక్కలంటే ఇష్టమైతే గులాబీ వేసుకోవాల్సింది. మా ఆయన కట్టిన ఇల్లు నీ చేపల కిందకి పోయిందేంటే,” అని నెత్తి మీద చెయ్యి పెట్టుకు కూర్చుంది. తన్మయి ఆవిడకి టీ ఇచ్చింది. ఆవిడ తాగలేదు. తన్మయికి నోటీసు చూసినప్పటికంటే అప్పుడు ఎక్కువ భయమేసింది.

ఆ సాయంత్రం ఆమె పార తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. పూడ్చేస్తే పీడా పోతుంది. ఏసుదానం అప్పుడే గేటు దగ్గర నుంచి చూసి పరిగెత్తుకొచ్చి పార లాక్కున్నాడు.

“పూడిస్తే జైలండి. నీళ్ళు తోడేసినా జైలే. మోటారు ఆపారనుకోండి, వాగుకి అడ్డం పడ్డట్టే, దానికి విడిగా కేసండి.”

పోనీ యాప్‌లోంచి తీసెయ్యమంది. అతను తల అడ్డంగా ఊపాడు. “ఎక్కించడమే ఉందండి. దింపడం పెట్టలేదండి, ఆయ్.”

విస్సంరాజు గారి కార్యాలయానికి జయదేవ్ నాలుగుసార్లు తిరిగాడు. మొదటిసారి పన్నెండు గజాలనే కాగితం మీద లెక్క వేసి పట్టుకెళ్ళాడు. రెండోసారి బొమ్మ గీసి పట్టుకెళ్ళాడు. మూడోసారి కాలేజీ ప్రిన్సిపాలుని పట్టుకెళ్ళాడు. నాలుగోసారి విస్సంరాజు గారు, ‘చెరువు కుంచించుకుపోవుటకు కారణాలు’ అనే సదస్సులో ఆ బొమ్మ చూపించి మాట్లాడటానికి అనుమతి అడిగారు.

గడువుకి ముందురోజు ఇద్దరూ సామాను కట్టారు. గిన్నెలకి ఇంకా పెళ్ళి కాగితాలు కూడా వదల్లేదు. వంటింటి కిటికీలోంచి వాగు కనిపిస్తోంది. రోజూ కూర తరుగుతూ దాన్ని చూడటానికే తన్మయి వంటగట్టుని ఆ వైపు పెట్టించింది. జయదేవ్ రెండో అంతస్తులో ఒక వాటా చూశానన్నాడు. దానికి పెరడు లేదు, బాల్కనీ ఉంది. బకెట్లో ఒక తామర పెట్టుకోవచ్చన్నాడు. బకెట్‌ని మాత్రం ఎవరికీ చూపించొద్దన్నాడు. తన్మయి నవ్వబోయి, చెంబు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

పదిహేనో రోజు జేసీబీ వచ్చింది. జనం వచ్చారు. గజ ఈతగాళ్ళు, చెరువు కూలుతుందేమోనని కాబోలు, నడుముకి తాళ్ళు కట్టుకు నిలబడ్డారు. విస్సంరాజు గారు గొడుగు కింద నిలబడి ఉత్తర్వు చదివారు. నిబంధన ప్రకారం కట్టడం కూల్చే ముందు కరెంటు తీయాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కి ఇంటికొచ్చే తీగె తప్పించాడు.

ఏదో లోటు ముందుగా తన్మయి చెవికే తెలిసింది. రాళ్ళ మీద నీళ్ళు సన్నగిల్లి, చుక్కలై, ఆగిపోయాయి. పెరడంతా నిశ్శబ్దమైపోయింది.

“వాగు ఆగిపోయిందండి,” అంది.

విస్సంరాజు గారి మొహం మారిపోయింది. ఎవరు ఆపారని గద్దించారు. లైన్‌మన్ స్తంభం మీంచే వేలు పెట్టి ఆయన్నే చూపించాడు. ఆయన చేతిలో ఉత్తర్వు ఉంది. ఆ ఉత్తర్వులోని ఏడో నిబంధన ఇలా ఉంది: సహజ ప్రవాహానికి అవరోధం కలిగించువారు ఎంతటివారైనను, అధికారులైనను, తక్షణ సస్పెన్షన్‌కు, శిక్షకు అర్హులు. ఆ నిబంధన రాసింది కూడా ఆయనే. ‘అధికారులైనను’ అన్న ముక్కకి అప్పట్లో పత్రికలవాళ్ళు మెచ్చుకున్నారు.

“ప్రవాహాన్ని తక్షణం పునరుద్ధరించండి,” అన్నారు విస్సంరాజు గారు, గొడుగు పడేసి.

పునరుద్ధరించారు. నీళ్ళు మళ్ళీ దూకాయి. ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు. అప్పుడు లైన్‌మన్ కిందకి దిగి, ఇంకో సంగతి చెప్పాడు. ఇల్లు తీసేస్తే మీటరు ఉండదు, మీటరు లేకపోతే కరెంటు ఉండదు, ఇంటి నంబరు లేని చోట కొత్త మీటరు ఇవ్వరు. ఇల్లు పోయిన నిమిషం నుంచీ వాగుండదు. ఇల్లుంటే మిగతా చెరువుండదు. విస్సంరాజు గారు ఈ రెండింటి మధ్యా సాయంత్రం ఐదింటి దాకా అటూఇటూ నడిచారు. ఐదింటికి ఆ రోజు వరకే చెల్లే ఉత్తర్వు గడువు తీరిపోయింది. గడువు తీరిన ఉత్తర్వుతో కూల్చడం కుదరదు, మళ్ళీ నోటీసు ఇవ్వాలి. జేసీబీ వెనక్కి వెళ్ళింది.

మర్నాడు పైనుంచి స్పష్టత వచ్చింది. వాగు సక్రమంగా పారుటకు ఆ చెరువుకి ఒక లస్కరును నియమించాలి. కాలవలకి లస్కర్లుంటారు కదా, నీళ్ళు వదలడానికీ కట్టడానికీ, అలాగే. కొత్త నోటీసును ఆక్రమణదారు చేతికే ఇచ్చి సంతకం తీసుకోవాలి. కుటుంబ సభ్యులకిస్తే చెల్లదు, తలుపుకి అంటిస్తే చెల్లదు. ఇచ్చే బాధ్యత లస్కరుదే. నోటీసు అందిన పదిహేను రోజులకి ఇల్లు తీయాలి, ఈలోగా విద్యుత్ శాఖ ఏదో ఒక దారి చూడాలి.

లస్కరు ఉద్యోగానికి స్థానికులై ఉండాలి, నీటి మొక్కల పరిజ్ఞానం ఉండాలి, వాగు మోటారు స్విచ్చికి పది అడుగుల దూరంలో నివాసం ఉండాలి. ఒకే ఒక్క దరఖాస్తు వచ్చింది. ఇంటర్వ్యూ తన్మయి ముందుగదిలోనే జరిగింది. ఈత వచ్చా అని విస్సంరాజు గారు అడిగారు. రాదండి, మోకాలి లోతేనండి అంది. ఎకరం చెరువులో మోకాలి లోతే ఉందంటే పూడిక ఎంత పేరుకుపోయిందో చూడండని ఆయన బాధపడి, పోస్టు ఖరారు చేశారు.

లస్కరు ఫైలు నీటి విభాగంలో ఉంటుంది. ఆక్రమణదారు ఫైలు ఆస్తుల విభాగంలో ఉంటుంది. రెండు విభాగాల మధ్యా ఒక మేడమెట్ల వరస ఉంది. రెండు ఫైళ్ళనీ ఒకే బల్ల మీద పెట్టిన మనిషి పురపాలక సంఘం చరిత్రలో లేడు.

ఖాకీ చొక్కా, ఒక రిజిస్టరు, ఒక ఈల ఇచ్చారు. ఈల చూసి తన్మయి ఎంత మురిసిపోయిందో చెప్పలేం. వాగు వదిలే ముందు ఊదాలట. మొదటి రోజు పొద్దున్న ఆరింటికి ఊదితే మంగతాయారు గారు గోడ మీంచి తొంగి చూసి, తన ఇల్లు మిగిలిందన్న సంతోషంలో, ఇంకోసారి ఊదమంది.

కొత్త నోటీసు తన చేతికి వచ్చిన రోజే లస్కరు ఖాకీ చొక్కా తొడుక్కుని, గేటు బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చి, ఆక్రమణదారు ఇంటి తలుపు తట్టింది. జయదేవ్ తలుపు తీశాడు.

“ఆక్రమణదారు తన్మయి గారున్నారాండీ?”

అతను లోపలికి వెళ్ళి రెండు గదులూ, వంటిల్లూ, స్నానాలగదీ వెతికి వచ్చాడు. లేదండి, ఇప్పుడే బయటికి వెళ్ళింది అన్నాడు. ఎప్పుడొస్తారని అడిగింది. మీరు వెళ్ళగానే వస్తుందన్నాడు. లస్కరు గుమ్మంలోనే నిలబడి, ఉన్నది ఉన్నట్టు రిజిస్టరులో రాసింది: తలుపు తట్టడమైనది. లోపల భర్త మాత్రమే ఉన్నారు. ఆక్రమణదారు ఇంట్లో లేరు. నోటీసు వాపసు చేయడమైనది.

వాపసు వచ్చిన నోటీసు మళ్ళీ తయారు కావడానికి ఇరవై తొమ్మిది రోజులు పడుతుంది. రెండో నెలా అలాగే జరిగింది. మూడో నెల లస్కరు తెల్లవారుతూనే వెళ్ళి చూసింది. నాలుగో నెల మిట్టమధ్యాహ్నం వెళ్ళింది. ఏ వేళకి వెళ్ళినా, సరిగ్గా తను గుమ్మం బయట నిలబడ్డ సమయానికి ఆక్రమణదారు ఇంట్లో ఉండటంలేదని మనస్సాక్షిగా రాసింది.

ఐదో నెల ఆ రిజిస్టరు తనిఖీకి విస్సంరాజు గారి బల్ల మీదకి వెళ్ళింది. ఆయన మొదటి పేజీ నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివారు. ఎర్రసిరాతో అంచున రాసి సంతకం చేశారు:

‘ఆక్రమణదారు మిక్కిలి గడసరి. లస్కరు రాకపోకలను ఎవరో ఆమెకు ముందుగా చేరవేయుచున్నారు. లస్కరు ఇకపై తన కదలికలను ఎవ్వరికీ తెలియనీయరాదు.’